శాన్ డియాగోకి పనికి కాదు, చూడ్డానికి వెళ్ళాం

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మేము ముగ్గురం. ఇద్దరం యర్రగొండపాలెం వైపు సుగాలి తండాల వాళ్ళం. ఒకడు బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఎరుకల కుటుంబం. ముగ్గురం ఒహాయోలో ఎమ్మెస్ చదువుతున్నాం. డిసెంబరు సెలవుల్లో అక్కడ మంచు, చలి. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఉన్న శాన్ డియాగోలో మాత్రం ఆ నెలలో కూడా మధ్యాహ్నం 18, 19 డిగ్రీలు ఉంటుంది. ఒంగోలు సీనియర్ అన్న ఒకరు అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. "హాల్లో పడుకుంటామంటే రండి" అన్నారు. ఐదు రోజులకి వెళ్ళాం.

వెళ్ళేముందు ఇంటికి ఫోన్ చేస్తే యాడి అడిగిన మొదటి మాట, "అక్కడేం పని దొరికింది?"

"పని కాదు యాడీ, సముద్రం చూడ్డానికి."

"సముద్రం చూస్తే డబ్బులిస్తారా?" అని నవ్వింది. తర్వాత, "సర్లే, చూసి రండి. మేమైతే చూళ్ళేదు" అంది.

మా తండా నుంచి సూర్యలంక బీచికి నూటయాభై కిలోమీటర్లు ఉంటుందేమో. యాడి ప్రతి ఏడూ గుంటూరు వైపు వెళ్ళింది గానీ సముద్రం దాకా వెళ్ళలేదు. మన ఇళ్ళల్లో ప్రయాణం అంటే వలసే కదా. పత్తి తీతకి ఒకసారి, మిరపకోతలకి ఒకసారి. బియ్యం మూట, గిన్నెలు, పట్టాలు, చంటిపిల్లలు అన్నీ ట్రాక్టర్లోకి ఎక్కించడం, చేను గట్టున పట్టా గుడిసె వేసుకోవడం. కోతలు అయ్యేదాకా పిల్లలకి బడి లేదు. తండా నుంచి వచ్చిన మేమిద్దరం ఐదో తరగతి దాకా అలా తిరిగినవాళ్ళమే. గిరిజన గురుకులంలో సీటు వచ్చాకే ఆ తిరుగుడు ఆగింది. అందుకే ఏ పనీ లేకుండా ఒక ఊరికి పోవడం మాకు కొత్త.

వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొచ్చే సంగతులు ముందు చెప్తాం. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. ఎర్రరంగు రైళ్ళు తిరుగుతాయి, వాటిని ట్రాలీ అంటారు. రోజు పాస్ దొరుకుతుంది, బస్సులకీ అదే పనికొస్తుంది. బీచిలకి టికెట్ లేదు. లా హోయా అనేచోట సీ లయన్లు రాళ్ళమీద గుంపులుగా పడుకుని అరుస్తుంటాయి. ఆ వాసనకి మా స్టూవర్టుపురం వాడు "అచ్చం ఎండుచేపల కళ్ళమే" అన్నాడు. ఎండ చూసి నీళ్ళు కూడా వెచ్చగా ఉంటాయనుకోకండి, పసిఫిక్ నీళ్ళు చల్లగా ఉంటాయి. మన తీరంలో పొద్దు సముద్రంలోంచి పుడుతుంది, అక్కడ సముద్రంలోకి దిగుతుంది. ఆ పూట మాత్రం తప్పకుండా ఒడ్డున కూర్చోండి.

ఇక అసలు విషయం. ఈ ఊరు ఎవరిది? కుమియాయ్ ప్రజలది. 1542లో స్పెయిన్ తరఫున కబ్రీయో ఓడలు వచ్చేనాటికే వాళ్ళు వేల ఏళ్ళుగా అక్కడున్నారు. కబ్రీయో విగ్రహం సముద్రానికి ఎదురుగా కొండమీద పెద్దగా కనిపిస్తుంది. కుమియాయ్ వాళ్ళ గురించి తెలియాలంటే మాత్రం వెతుక్కోవాలి. బాల్బోవా పార్కులో మ్యూజియం ఆఫ్ అస్ ఉంది, అందులో వాళ్ళ బుట్టలు, కుండలు చూశాం. ఒకరకం తుంగతో చుట్లుచుట్లుగా అల్లిన బుట్టలు. మావాడు ఆ అద్దం ముందు నుంచి కదల్లేదు. వాళ్ళ అవ్వ ఈత బరికెలతో బుట్టలల్లేది. ఏ చుట్టు ఎక్కడ మొదలైందో వేలుపెట్టి మాకు చూపించాడు.

అదే పార్కులో 1915లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అందులో న్యూ మెక్సికో వైపు ప్యూబ్లో ఆదివాసులని తెచ్చి, కట్టించిన ఊళ్ళో కాపురం పెట్టించి, జనానికి చూపించారు. ఆగస్టు 9న మనల్ని డాన్సుకి పిలిచి, ఫొటోలు దిగి, అర్జీలిస్తే తర్వాత రమ్మనే సభలు మీకూ గుర్తొచ్చే ఉంటాయి.

1769లో స్పెయిన్ వాళ్ళు ఇక్కడ చర్చి మిషన్ పెట్టారు. ఆదివాసులని మతంలో చేర్చి, అక్కడే పని చేయించి, వెళ్ళిపోతే పట్టి తెచ్చేవాళ్ళు. 1775లో కుమియాయ్ వాళ్ళు తిరగబడి దాన్ని తగలబెట్టారు. మావాడికి ఇదేం కొత్త కథ కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళని సెటిల్‌మెంట్‌లో పెట్టి హాజరు వేయించిన ఊరే వాడి సొంతూరు.

1848లో అమెరికా, మెక్సికో మధ్య సరిహద్దు గీత కుమియాయ్ నేల మధ్యలోంచే పోయింది. చుట్టాలు అటు కొందరు, ఇటు కొందరు. మన లంబాడీలు ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే గోర్‌బోలి మాట్లాడే చుట్టాలకి మూడు రకాల సర్టిఫికెట్లు. వాళ్ళ బాధ మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగోరోజు అన్న కారులో బరోనాకి తీసుకెళ్ళారు. ఊరికి ఈశాన్యంగా కొండల్లో ఉన్న కుమియాయ్ రిజర్వేషన్ అది. మ్యూజియం వాళ్ళదే, టికెట్ లేదు. అసలు వీళ్ళు అక్కడివాళ్ళు కాదు. 1875లో కాపిటాన్ గ్రాండే అనే నది లోయని వీళ్ళకి రిజర్వేషన్‌గా ఇచ్చారు. శాన్ డియాగోలో ఏడాదికి 10 అంగుళాల వాన పడితే గొప్ప. ఊరు పెరిగేకొద్దీ నీళ్ళు కావాలి. 1919లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి, డ్యాం కోసం ఆ లోయని సిటీకి అప్పగించింది. 1934కి ఎల్ కాపిటాన్ డ్యాం పూర్తయింది. లోయ మునిగింది. జనంలో కొందరు పరిహారం డబ్బు కలిపి, 1932లో బరోనా భూమిని ఉమ్మడిగా కొనుక్కున్నారు. ఇంకొందరు వియెహాస్ అనేచోట కొన్నారు. డబ్బు తీసుకుని ఎవరి దారి వాళ్ళు పోలేదు, గుంపుగా ఉన్నారు. ఇవాళ రెండు చోట్లా వాళ్ళ సొంత ప్రభుత్వం ఉంది, సొంత వ్యాపారాలున్నాయి.

ఇది విన్నాక మాకు సాగర్ గుర్తొచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. మునిగిన నాగార్జునకొండ లోయలో లంబాడీలు, చెంచులు ఉండేవాళ్ళు. ఇక్ష్వాకుల కట్టడాల్ని రాయి రాయి లెక్కపెట్టి కొండమీదికి చేర్చారు, మ్యూజియం కట్టారు. మంచిపనే. మాలో ఒకరి నాయనమ్మ పుట్టిన తండా కూడా ఆ లోయలోదే. దాని పేరు ఇంట్లో చెప్పుకోవడమే తప్ప ఏ బోర్డుమీదా మేము చూళ్ళేదు.

సాగర్ కుడి కాలవ నీళ్ళు గుంటూరు, ప్రకాశం చేలకి వచ్చాయి. పత్తి, మిరప పండాయి. నాయనమ్మ తండా ముంచిన నీళ్ళతో పండిన మిరపచేలో ఆమె కొడుకులు, కోడళ్ళు, మనవలు కాయలు కోశారు. మిరప ఘాటుకి కళ్ళు మండుతుంటే కూలి లెక్క చూసుకున్నాం గానీ, ఈ లెక్క మాకెవరూ చెప్పలేదు. డ్యాం వద్దని మేము అనడం లేదు. నీళ్ళు లేని నేల ఎలా ఉంటుందో యర్రగొండపాలెం వాళ్ళకి తెలుసు. నేలిచ్చినవాళ్ళు నీళ్ళున్నచోట కూలీలుగా మిగలడం న్యాయం కాదంటున్నాం. ఇప్పుడు వెలిగొండ ముంపు ఊళ్ళ జాబితాలోనూ తండాలున్నాయి. పరిహారం విడివిడిగా ఖర్చయిపోకుండా ఒకేచోట నేల కొనుక్కునే మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు కూడా ఊళ్ళు చూడండి. అమెరికానే అక్కర్లేదు. సూర్యలంక వెళ్ళండి, నాగార్జునకొండకి లాంచీ ఎక్కండి. కూలికి కాకుండా కూడా మనం ప్రయాణం చెయ్యొచ్చు, అది మన హక్కు. ఎక్కడికెళ్ళినా రెండు మాటలు అడగండి. ఈ నేల ముందు ఎవరిది? ఈ కుళాయి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి?

సాగర్‌లో మునిగిన తండాలు, గూడేల పేర్లు మీ అవ్వాతాతలకి తెలిసే ఉంటాయి. అడిగి కింద రాయండి. ఊరి పేరు, నాయక్ పేరు, తర్వాత ఎక్కడికి పోయారో అంతే చాలు. అన్నీ కలిపి ఒక జాబితా చేస్తాం. మొదటి పేరు, మా నాయనమ్మ తండాది, మేమే రాస్తున్నాం.