బిడ్డతో పరదేశప్రయాణము

పరదేశయాత్ర యనునది మన తాతల కాలమున నూటికి కోటికి ఒకరికి సంభవించెడి విషయము. నేడట్లు కాదు. మన పాఠశాలలో చదివినవారి కుటుంబములలోనే సింగపూరు, దుబాయి, లండను మొదలగు పట్టణములలో నివసించుచున్నవారు పెక్కండ్రు కలరు. వారిని చూచుటకు తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని, భర్తల తోడు లేకయే, విమానమెక్కి పోవుచున్నారు. 2023వ సంవత్సరమున మేమును మా యెనిమిదేండ్ల కుమారునితో సింగపూరునకు పోయి, పురిటిలో ఉన్న మా చెల్లెలి యింట మూడు వారములు ఉండి వచ్చితిమి. పయనమునకు ముందు మమ్ము భయపెట్టినవారు పెక్కుమంది. ధైర్యము చెప్పినవారు కొందరు. ఏమేమి చేసికొనవలెనో విప్పి చెప్పినవారు మాత్రము అరుదు. ఆ లోటు ఇతర తల్లులకు ఉండకూడదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందు పిల్లలు తెలిసికొనదగినవియు కలవు గనుక వారును చదువుదురు గాక.

మొదట కాగితముల సంగతి. బిడ్డ ఎంత పసివాడైనను వానికి వేరుగా పాస్‌పోర్టు ఉండవలెను. పెద్దవారి పాస్‌పోర్టు 10 సంవత్సరములు చెల్లును గాని, చిన్నపిల్లలకు ఇచ్చునది 5 సంవత్సరములకే ముగియును. తల్లి తన పాస్‌పోర్టులోని తేదీని చూచుకొని, బిడ్డది కూడ అట్లే ఉండునని తలచరాదు. సింగపూరువంటి దేశములు, మనము అచట అడుగిడిన దినము మొదలు ఇంకను 6 మాసములైనను పాస్‌పోర్టు చెల్లునదిగా ఉండవలెనని నియమము పెట్టినవి.

తండ్రి వెంట రానప్పుడు, “నా భార్య మా బిడ్డను ఫలానా తేదీలలో ఫలానా దేశమునకు తీసికొనిపోవుటకు నాకు సమ్మతమే” అని ఆయన వ్రాసి సంతకము చేసి, నోటరీచే ధ్రువపరచిన పత్రమొకటి చేతిలో నుంచుకొనుట మంచిది. “కన్నతల్లిని నన్నే శంకింతురా?” అని కొందరికి కోపము రావచ్చును. కాని తల్లిదండ్రులలో ఒకరు రెండవవారికి తెలియకుండ బిడ్డను దేశము దాటించుట లోకములో లేని సంగతి కాదు. అట్టి బిడ్డలను తిరిగి రప్పించుటకై 1980లో హేగు నగరమున దేశములు ఒక ఒడంబడికను చేసికొన్నవి. అందు మన దేశము చేరలేదు. కావున సరిహద్దు అధికారి తల్లిని ప్రశ్నించినచో అది అవమానము కాదు, బిడ్డకు రక్షణయే యని గ్రహింపవలెను. ఆ పత్రముతోపాటు బిడ్డ జననపత్రము యొక్క నకలును ఉంచుకొంటిమి. పాస్‌పోర్టుల నకళ్లను ఒక జత పెట్టెలో పెట్టి, వేరొక జత ఇంటిలో మా భర్తగారికి అప్పగించితిమి. పరదేశమున పాస్‌పోర్టు పోయినచో ముందు పోలీసులకు తెలిపి, పిదప మన దేశపు దౌత్యకార్యాలయమునకు పోవలెను. స్వదేశమునకు మరలివచ్చుటకు వలసిన అత్యవసర పత్రమును వారు ఇత్తురు.

ఇక మందులు. బిడ్డకు అలవాటైన మందులను వాని డబ్బాలతోనే, వైద్యుని చీటితో సహా తీసికొనిపోవలెను. మన ఊర అంగడిలో దొరకు మందు ప్రతిదేశమునను నిరాటంకముగా చెల్లదు. కొన్ని దగ్గుమందులలో ఉండు కోడీను అను పదార్థము విషయమున సింగపూరు ప్రభుత్వము మిక్కిలి కఠినము. అచటి ఆసుపత్రులు మేలైనవే. కాని పరదేశీయులు రుసుము పూర్తిగా చెల్లింపవలసి యుండును గనుక తల్లిపేరను బిడ్డపేరను ప్రయాణపు బీమా చేయించుకొనుట అనవసరవ్యయము కాదు. డెంగీ జ్వరము ఆ ఊరికిని క్రొత్త కాదు. దానిని తెచ్చు దోమ పగటివేళ కుట్టును. కాబట్టి బిడ్డ తోటలో ఆడుకొనబోవునప్పుడు నిండుచేతుల చొక్కా తొడుగుచుంటిమి.

విమానములో ఆసీనులైన వెంటనే బెల్టు పెట్టుకొనుమని పిల్లలకు చెప్పుదుము గదా. దానితోపాటు మరియొక మాట చెప్పవలెను: అపాయము వచ్చినచో సంచి కొరకు ఒక్క క్షణమైనను ఆగరాదు. 2024 జనవరి 2వ తేదీన జపాను దేశమునందలి హనేడా విమానాశ్రయమున ప్రయాణికుల విమానమొకటి దిగుచు, తీరరక్షక దళమువారి చిన్న విమానమును ఢీకొని మండిపోయినది. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములో ఉన్న 379 మందియు, పసిపిల్లలతో సహా, ప్రాణములతో బయటపడిరి. వారు సామానులను విడిచి, సిబ్బంది చెప్పినట్లు జారుడుబల్లలపై దిగిపోవుటయే ఇందులకు ముఖ్యకారణములలో ఒకటి. కావున కాగితములు ఒంటిమీది చిన్న సంచిలోనే ఉండవలెను. చేతులు రెండును బిడ్డకొరకు ఖాళీగా ఉండవలెను.

సింగపూరు చేరినపిమ్మట మేము గమనించిన మొదటి విషయము వాహనముల సంగతి. 1.35 మీటర్లకంటె పొట్టిగా నుండు పిల్లలను మోటారుబండిలో వారి కొలతకు తగిన ఆసనమున కూర్చుండబెట్టవలెనని అచటి చట్టము. టాక్సీలకు మాత్రము ఈ నియమము లేదు. చట్టము టాక్సీని మినహాయించినను బండి వేగము బిడ్డను మినహాయింపదు గదా! అందువలన మేము టాక్సీకంటె రైలునే ఎక్కువగా ఆశ్రయించితిమి. టాక్సీ ఎక్కక తప్పనినాడు బిడ్డను వెనుకనే కూర్చుండబెట్టి బెల్టు పెట్టుచుంటిమి. ఒడిలో మాత్రము ఎన్నడును కూర్చుండబెట్టుకొనలేదు.

ఇంతవరకు చెప్పినవన్నియు తల్లి చేయవలసిన పనులు. కాని ఎంత జాగరూకురాలైన తల్లికైనను రెండు కన్నులే. ఆ కన్నులకు బిడ్డ కనబడని క్షణము వచ్చినప్పుడు వానిని కాపాడునది వానికి తెలిసిన విషయమే. ఈ సంగతిని తలచి, పయనమునకు నెలదినములు ముందుగానే మా చిరంజీవికి కొన్ని పాఠములు చెప్పితిమి. సింగపూరు ఫోను సంఖ్యలు ఎనిమిది అంకెలవి. చెల్లెలి సంఖ్యను వాడు ఎక్కములవలె ప్రతిసాయంకాలము వల్లించెను. తల్లి పేరేమనిన “అమ్మ” అని చెప్పు పిల్లలు కలరు. వానికి మా పూర్తిపేరును ఇంగ్లీషులో చెప్పుట నేర్పితిమి. చిరునామా వ్రాసిన చీటిని చొక్కా లోపలి జేబులో ఉంచితిమి. పేరును సంచిపైన కనబడునట్లు వ్రాయలేదు, ఏలయన పేరుపెట్టి పిలిచినవానిని పిల్లలు ఎరిగినవాడే యనుకొందురు. “మీ అమ్మ పంపినది, రమ్ము” అని ఎవరైన పిలిచినచో అడుగుటకు ఒక రహస్యపుమాటను ఏర్పరచితిమి. ఆ మాట ఏమో ఇచట వ్రాయము. అది నేటికిని మా యింట చెల్లుచున్నది.

అన్నిటికంటె ముఖ్యమైన పాఠము రైలును గూర్చినది. “నీవు లోపలను మేము బయటను ఉండగా తలుపులు మూసికొన్నచో, తరువాతి స్టేషనులో దిగి, దిగినచోటనే నిలువుము. నీవు బయట మిగిలినచో అచటనే ఉండుము. వెదకు పని అమ్మది, నిలుచు పని నీది.” ఇది విని వాడు నవ్వెను. మేమును ఇది అవసరము కాకూడదనియే కోరుకొంటిమి.

రెండవ వారమున ఒకనాటి సాయంకాలము మేమిద్దరము ధోబీఘాటు స్టేషనులో ఇల్లు చేరుటకై నిలిచియుంటిమి. అది మూడు మార్గములు కలియు చోటు. కార్యాలయములు వదలిన వేళ. బండి ఆగినంతనే వెనుకనుండి వచ్చిన జనము మా చేతులను విడదీసినది. వాడు ముందు, మేము వెనుక. గంట మ్రోగినది, తలుపులు మూసికొన్నవి. అద్దములోనుండి వాని ముఖము ఒక్క నిమేషము కనబడి మరుగైనది. 2003లో తెరచిన ఆ మార్గమున బండ్లకు చోదకుడే ఉండడు. ఎవనిని కేకవేసి ఆపుమందుము?

వేదికపై నున్న ఉద్యోగి యొద్దకు పోయి, బిడ్డ వయస్సు, చొక్కా రంగు, వాడు దిగవలసిన స్టేషను చెప్పితిమి. ఆయన తన చేతియంత్రమున తరువాతి స్టేషనువారితో మాటలాడి, పిమ్మటి బండి ఎక్కుమని మాకు సైగ చేసెను. అది వచ్చుటకు కొద్ది నిమిషములే పట్టియుండును. ఆ కొద్ది నిమిషములు ఎట్టివో తల్లులకు వ్రాసి చెప్పనక్కరలేదు. వాడు దిగెనో లేదో, దిగి మమ్ము వెదకుచు మెట్లెక్కెనో అని మనస్సు పరిపరివిధముల పోయినది. స్టేషనులలో పలకలును ప్రకటనలును ఇంగ్లీషు, మలయి, చీనా, తమిళ భాషలలో ఉండును. వానికి వచ్చినది తెలుగును, బడిలో నేర్చిన కొలది ఇంగ్లీషును.

తరువాతి స్టేషను లిటిల్ ఇండియా. బండి తలుపులు తెరచుకొనగానే వాడు ఒక స్తంభమునకు వీపు ఆనించి నిలిచియుండుట కనబడినది. ప్రక్కన చంటిబిడ్డను ఎత్తుకొన్న చీనా స్త్రీ ఒకతె ఉండెను. ఆమె దయతో పైనున్న కార్యాలయమునకు తీసికొనిపోయెదనన్నదట. వాడు, “మా అమ్మ తరువాతి బండిలో ఇచటికే వచ్చును, నేను కదలకూడదు” అని ఇంగ్లీషులో చెప్పెనట. ఆమెయు నవ్వి, వానికి తోడుగా తానే నిలిచిపోయినది. అంతలో స్టేషను ఉద్యోగియు దిగివచ్చెను. వాడు ఏడ్వలేదు, మమ్ము చూచిన పిదపనే వాని పెదవులు వణకినవి. “అమ్మా, నేను కదలలేదు” అనెను. మేము ఆ స్త్రీకి చేతులు జోడించితిమి.

ఇందు పిల్లలు గ్రహింపవలసినది యిది. తప్పిపోయిన పిల్లవాడు ధైర్యముతో తల్లిని వెదకబోయినచో ఇద్దరును ఒకరినొకరు వెదకుచు దూరమగుదురు. ఒకరు నిలిచినచో రెండవవారు చేరగలరు. సాయము అడుగవలసివచ్చినచో ఏకరూపదుస్తులలోని ఉద్యోగినో, అంగడిలో బల్లవెనుక నున్నవారినో, బిడ్డలతో నున్న తల్లినో అడుగవలెను. ఎవరెంత మంచివారైనను, తల్లి వచ్చుచోటు విడిచి వారివెంట పోరాదు. సాయము నిలిచినచోటికే రావలెను. పోలీసులను పిలుచు సంఖ్య సింగపూరులో 999, ఆంబులెన్సుకు 995. యూరపు దేశములలో 112, అమెరికాలో 911. మన దేశమునను 112 కలదు.

పరదేశమునకు పోవు యోగము అందరికిని ఉండకపోవచ్చును. కాని సికింద్రాబాదు స్టేషను, పుష్కరములనాటి రాజమహేంద్రవరపు రేవులు, తిరుమల వరుసలు మనకు ఉండనే యున్నవి. అచటి జనసమ్మర్దము సింగపూరునకు తీసిపోదు. కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఈ సంచికను ప్రక్కన పెట్టిన వెంటనే మీ బిడ్డను పిలిచి, మీ పూర్తిపేరును, ఫోను సంఖ్యను అడుగుడు. చేయి విడిపోయినచో ఏమి చేయుదువని ప్రశ్నింపుడు. చెప్పలేకపోయినచో కోపపడక, నేటి సాయంకాలమే నేర్ప మొదలిడుడు.