డీజిలా, పెట్రోలా?

మాది కరీంనగర్. నేను ఇంటర్ దాకా చదివాను. పాల లెక్క నుంచి పండుగ ఖర్చు దాకా నోటుబుక్కులో రాసుకోవడం నాకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. 2024లో మా ఇంట్లో లేచిన పెద్ద పేచీని ఆ నోటుబుక్కే తీర్చింది.

మావారు షాపులకు, ఇళ్లకు మంచినీళ్ల క్యాన్లు వేస్తారు. ఆటో కిరాయి భరించలేక సొంతంగా చిన్న ట్రాలీ బండి కొందామనుకున్నాం.

"తీసుకుంటే డీజిలే తీసుకోవాలె. బరువు గుంజేది గదే" అన్నాడు మా అబ్బాయి. మావారు మాట్లాడలేదు. ఇదివరకు ఒక డీజిలు వ్యాను కొని, కిస్తీలు కట్టలేక పోగొట్టుకున్నాం. ఈసారి ముందు కట్టే డబ్బుకు నా గొలుసు కుదువ పెట్టాలి. అందుకే నేనూ నోరు విప్పాను.

మా మరిది మెట్‌పల్లి నుంచి నిజామాబాద్ మార్కెట్టుకు పసుపు బస్తాలు తోలుతాడు. ఆయనకు ఫోన్ చేశాను.

"వదినా, పిలగాడు చెప్పింది నిజమే. డీజిలు ఇంజన్ల ప్లగ్గు నిప్పు ఉండది. గాలిని గట్టిగ అదిమితే పుట్టిన వేడికే డీజిలు అంటుకుంటది. ఇంజను గట్టిగ ఉండాలె కాబట్టి ధర ఎక్కువ. బలం, మైలేజీ గూడ ఎక్కువే. గని మీరు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతరు?"

ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు!

నోటుబుక్కు తీశాను. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. అంటే 750. లీటరుకు పెట్రోలు బండి 15, డీజిలు బండి 20 ఇస్తాయనుకున్నాను. అప్పుడు పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు 95. పెట్రోలుకు నెలకు 5,350, డీజిలుకు 3,560 అవుతాయి. మిగిలేది 1,790. డీజిలు బండికి మాకు చెప్పిన ధర లక్ష ఎక్కువ. ఆ లక్ష తిరిగి రావడానికి 56 నెలలు! రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే మా మరిదికైతే 14 నెలలు చాలు.

1990లలో డీజిలు పెట్రోలులో సగం ధరకే దొరికేది. 2014 అక్టోబరులో సర్కారు డీజిలు ధర మీద అదుపు వదిలేసింది. ఇప్పుడు తేడా అంత లేదు.

ఇంకో మాట కూడా మా మరిదే చెప్పాడు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిలు బండ్లలో చాలావాటికి పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. గల్లీగల్లీకి ఆగే మా బండికి ఆ వేడి ఎక్కడిది?

ముప్పై క్యాన్లంటే 600 కిలోలు. ఆ బరువుకు సరిపోయే పెట్రోలు బండే తీసుకున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు అది మూలుగుతుంది. అప్పుడల్లా మా అబ్బాయి నావైపు కోపంగా చూస్తాడు. కానీ కిస్తీ ఒక్కటీ తప్పలేదు. గొలుసు కూడా విడిపించుకున్నాం.

మీ ఇంట్లోనూ బండి మాట వస్తే, ఏ ఇంజను మంచిదని ముందే అడక్కండి. రోజుకు ఎంత దూరం, ఎంత బరువు అని కాగితం మీద రాయండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.