డ్యూటీ ఎన్నింటికి దిగుతావు?

స్పెయిన్‌లో ఎవరితోనైనా కాస్త చనువు కుదిరితే, ఊరూ పేరూ అయ్యాక అడగవలసిన మాట ఒకటుంది: "కె ఒరారియో తియెనెస్?" నీ పనివేళలేమిటి అని. పెద్దవాళ్లనూ కొత్తవాళ్లనూ అడిగేటప్పుడు "తియెనె" అనండి, మన "మీరు"లోని మర్యాద వచ్చేస్తుంది. అదే చుట్టుపక్కలవాళ్లయితే "ఆ కె ఓరా సాలెస్?" అంటారు. డ్యూటీ ఎన్నింటికి దిగుతావు అన్నట్టు.

ఇదేమంత పెద్ద విషయమా అంటారేమో. అక్కడ పెద్ద విషయమేనండీ. ఎందుకంటే జవాబు ఒక ముక్కలో రాకపోవచ్చు. చాలా చిన్న దుకాణాల్లో పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా పని, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా. దీనికి 'ఖోర్నాదా పార్తీదా' అని పేరు. మధ్యలో అందరూ హాయిగా కునుకు తీస్తారని మనం విన్న మాట పూర్తిగా నిజం కాదు. ఇల్లు దూరమైన ఉద్యోగికి ఆ మూడు గంటలూ విశ్రాంతి కాదు, ఎదురుచూపు. పిల్లలున్న తల్లికి మరీ కష్టం: వాళ్లు బడి నుంచి వచ్చాక తాను మళ్లీ పనికి బయల్దేరాలి. ఎండాకాలంలో మాత్రం చాలా ఆఫీసులు ఎనిమిది నుంచి మూడు దాకా ఏకబిగిన నడుస్తాయి. ఆ నెలల కోసం జనం కళ్లు కాయలు కాచేలా చూస్తారు.

మధ్యాహ్న భోజనం రెండింటికి ఎందుకో తెలుసా? మాడ్రిడ్ గ్రీనిచ్‌కి పడమటనే ఉంది, అయినా 1940లో గడియారాన్ని బెర్లిన్ సమయానికి జరిపారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. అందుకే వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండు దాటుతుంది. ఆకలి సూర్యుణ్ణి నమ్ముకుంది, గడియారాన్ని కాదు.

పనివేళల కోసం ఆ జనం పోరాడారు కూడా. 1919లో బార్సిలోనాలో 'లా కనడియెన్సె' అని అందరూ పిలిచే కరెంటు కంపెనీలో మొదలైన సమ్మె 44 రోజులు సాగి నగరాన్ని చీకట్లో ముంచింది. ఆ ఏప్రిల్‌లోనే ఎనిమిది గంటల పనిదినం ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చింది. సరిగ్గా నూరేళ్లకు, 2019 మేలో, ప్రతి ఉద్యోగీ ఎన్నింటికి వచ్చాడో ఎన్నింటికి వెళ్లాడో యజమాని రోజూ రాసిపెట్టాలన్న నియమం అమల్లోకి వచ్చింది. వారానికి 40 గంటల గరిష్ఠాన్ని 37.5కి తగ్గించే బిల్లును 2025 సెప్టెంబరులో పార్లమెంటు తోసిపుచ్చింది. నాకైతే అది అన్యాయంగానే తోచింది.

చదువుకో ఉద్యోగానికో అటు వెళ్తున్న మన పిల్లలకు నాదొక మాట. హోటల్లో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఆదివారం సెలవుంటుందన్న నమ్మకం లేదు. వాళ్లను "కె దియాస్ లిబ్రాస్?" అని, ఏయే రోజులు సెలవో అడగండి. తెలుసుకున్నాక ఇంటికి భోజనానికి పిలవండి. రాత్రి తొమ్మిదికి ముందు మాత్రం పిలవకండి.