బలం బాగానే ఉందన్నారు

జాకెట్టు కుడుతుంటే బట్ట ఎడమచేతిలోంచి మాటిమాటికీ జారిపోయింది. చేతి వంక చూస్తున్నంతసేపూ పట్టు నిలుస్తోంది, చూపు తిప్పితే వదిలేస్తోంది. ఎడమ బుగ్గ నుంచి పాదం దాకా మొద్దుబారిపోయింది.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో చేతులు చాపమన్నారు, వేళ్లు గట్టిగా పట్టుకోమన్నారు. మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు. సీటీ స్కాన్‌లోనూ ఏమీ లేదు. "బలం బాగానే ఉందమ్మా, టెన్షన్ వల్ల" అని బి-కాంప్లెక్స్ రాసి పంపేశారు. ఇంటికొచ్చాక పెనం అంచు తగిలి అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మాయి చూసి కేకేసేదాకా నాకు తెలియలేదు.

తర్వాత చూసిన న్యూరాలజిస్టు ఏమాత్రం తొందరపడలేదు. కళ్లు మూసుకోమని, దూదితో రెండు పక్కలా తాకారు. సూది మొన, మొద్దు కొస మార్చిమార్చి ఆనించి ఏది గుచ్చుకుందో అడిగారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మణికట్టు ఎముక మీద పెడితే కుడివైపు జివ్వుమంది, ఎడమవైపు ఏమీ లేదు. వేలిని రెండు పక్కలా పట్టుకుని కదిపి "పైకా, కిందికా?" అన్నారు. నేను తడుముకుంటుంటే, "ఊహించొద్దమ్మా, తెలియకపోతే తెలియదనే చెప్పండి" అన్నారు. ఆఖర్న చేతిలో ఏదో పెట్టారు. ఎంత నలిపినా పోల్చుకోలేకపోయాను. కళ్లు తెరిస్తే పిన్నీసు. రోజంతా నా చేతుల్లో ఆడే పిన్నీసు! అక్కడే ఏడ్చేశాను.

ఎంఆర్ఐలో కుడి థాలమస్‌లో చిన్న స్ట్రోకు కనిపించింది. ఒంటి స్పర్శంతా మెదడు పైపొరకు చేరేది ఆ మజిలీ మీదుగానేనట. కండరాలను కదిలించే దారి వేరు, అందుకే బలం పోలేదు. పక్షవాతమంటే కాలూ చెయ్యీ పడిపోవడమేనని మాబోటివాళ్లం అనుకుంటాం. వైద్యం చేసేవాళ్లూ బలం ఒక్కటే చూసి పంపేస్తే ఎవరితో చెప్పుకోవాలి? దూదికీ సూదికీ ఎంత ఖర్చవుతుంది?

కొన్నాళ్లకు మంట మొదలైంది. ఫ్యాను గాలి తగిలినా కారం పూసినట్టే. స్పర్శే లేనిచోట మంటేమిటని ఇంట్లోవాళ్లు వింతగా చూశారు. ఈ నొప్పిని 1906లోనే ఫ్రాన్సులో డెజెరిన్, రూసీ అనే వైద్యులు వివరించారని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నేను కల్పించుకున్నది కాదు కదా!

రాత్రిపూట అమిట్రిప్టిలిన్ మాత్ర వేసుకుంటే కాస్త నిద్ర పడుతోంది. గిన్నెడు బియ్యంలో గుండీలు కలిపి, కళ్లు మూసుకుని ఎడమచేత్తో ఏరమని ఫిజియోథెరపీలో నేర్పారు. కోటు గుండీలు దొరుకుతున్నాయి. చొక్కా గుండీలు ఇంకా దొరకడం లేదు.