చప్పుడు ఖరీదు

జీతం చేతికి రాగానే ఆడపిల్లలు గాజులో గొలుసో కొనుక్కుంటారని మా ఆవిడ నమ్మకం. మా అమ్మాయి గాలి వాల్వు కొనుక్కుంది. దాన్ని బ్లో ఆఫ్ వాల్వు అంటారుట. పోస్టులో వచ్చింది. పిడికిలంత అల్యూమినియం డొల్ల, పైన నీలం రంగు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేమిటే, కుక్కరు మీద పెట్టే బరువా?" అంది. నన్నడిగితే, తెలియకుండానే ఆవిడ అసలు సంగతికి చాలా దగ్గరగా వచ్చింది.

కారు మా అమ్మాయిదే. బ్యాంకు వాయిదాలు తనే కడుతోంది. చిన్న పెట్రోలు ఇంజనుకి టర్బో తగిలించిన బండి. టర్బో అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడి వాయువుచేత ఒక చక్రం తిప్పిస్తారు. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలమూ వస్తుంది. ఆల్ఫ్రెడ్ బ్యూఖీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు.

చిక్కెక్కడంటే, జోరుగా పోతూ ఆక్సిలరేటరు మీంచి కాలు తీశామనుకోండి. ఇంజను గుమ్మం టక్కున మూసుకుంటుంది. తోసుకొస్తున్న గాలికి మరి దారేదీ? సత్రం తలుపులు వేశాక దిగిన పెళ్ళివారిలాగ వెనక్కి మళ్ళి ఆ చక్రం మీదనే పడుతుంది. అందుకని చాలా బళ్ళలో కంపెనీవారే ఒక వాల్వు పెట్టి, ఆ గాలిని గుట్టుచప్పుడు కాకుండా టర్బో ముందరి గొట్టంలోకి పంపేస్తారు. మా అమ్మాయి కొన్నది ఆ గాలిని బాహాటంగా బయటికే వదులుతుంది, 'ఉష్' మని. ఆ 'ఉష్' కోసమే ఇంత ఖర్చూను!

"బండి వేగం పెరుగుతుందా?" అంది మా ఆవిడ.

"అబ్బే."

"పెట్రోలు కలిసొస్తుందా?"

"రాదు."

"మరెందుకే?"

"బావుంటుందమ్మా!"

నాకు నవ్వొచ్చింది గాని, ఏమీ అనలేదు. సీతాఫల్‌మండీలో రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. కూత విని బండి పేరు చెప్పడం ఒక విద్య అనుకుని చిన్నతనమంతా గడిపాను. చప్పుడు మీద మోజును వెక్కిరించడానికి నేనెవర్ని?

ఇక్కడ మా బావగారి సంగతి చెప్పాలి. మా ఆవిడకి అన్నగారు. మౌలాలి డీజిల్ షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పైగా పనిచేసి రిటైరయ్యారు. కిందటేడు వాళ్ళావిడ పోయిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలా లేరు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడమే. మా ఆవిడ క్యారియరు పట్టుకెళితే సగం అలాగే తిరిగొచ్చేది. పనిముట్ల పెట్టె మంచం కింద దుమ్ము కొట్టుకుపోయింది.

"మావయ్యచేత బిగింపిస్తాను" అంది అమ్మాయి.

"ఆయన్ని వేధించకే" అని తల్లి కసిరింది. అది వింటేనా! వాల్వు సంచీలో వేసుకుని వెళ్ళింది. ఆయన చాలాసేపు చేతిలో తిప్పి, "స్ప్రింగు ఎంత గట్టిది?" అన్నారుట. ఆర్నెల్లలో ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

మర్నాడు ఇద్దరూ రాణీగంజు వెళ్ళి రబ్బరు గొట్టమూ, క్లాంపులూ బేరమాడి తెచ్చారు. ఆదివారం పొద్దున్నే పని మొదలు. ఇంజనులోకి పోయే గాలి గొట్టం విప్పి, మధ్యన టీ ఆకారపు ముక్క పెట్టి, దానిమీద వాల్వు కూర్చోబెట్టారు. గుమ్మం అవతలి నుంచి ఒక సన్నగొట్టం తెచ్చి వాల్వు నెత్తిన తగిలించారు. గుమ్మం మూసుకోగానే ఆ గొట్టం లోపలికి పీలుస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది. స్ప్రింగు మరీ మెత్తనైతే బండి నిలబడి ఉన్నప్పుడు కూడా తెరుచుకుని, దుమ్ముగాలి వడకట్టకుండా లోపలికి పోతుందిట. అందుకే ఆ మొదటి ప్రశ్న.

వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. 'ఉష్' మంది. పిల్లలు కేరింతలు కొట్టారు. అమ్మాయి మొహం చూడాలి! కాని కాలు తీసిన ప్రతిసారీ ఇంజను తడబడింది. వెనక కాస్త నల్లపొగ, పెట్రోలు వాసన.

బావగారు చెవి ఒగ్గి విని, "వంటవాడి లెక్క తప్పింది తల్లీ" అన్నారు. గాలి లోపలికొచ్చేచోటనే దాన్ని కొలిచే సెన్సారు ఒకటుంది. అది చెప్పిన లెక్కనుబట్టే కంప్యూటరు పెట్రోలు చిమ్ముతుంది. లెక్కకొచ్చిన గాలి దారిలోనే బయటికి పోతే, వడ్డించిన పెట్రోలు మిగిలిపోతుంది. గాలిని మరోవిధంగా లెక్కగట్టే బళ్ళకి ఈ బాధ లేదుట. "మా ఆల్కో ఇంజను కూడా నాచ్ ఎత్తగానే నల్లపొగ కక్కేది. టర్బో ఊపందుకునేదాకా గాలి చాలక. 2600 గుర్రాల బలం మరి!" అని మొదలుపెట్టి, అరగంటసేపు ఆపలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటూనే ఉంది.

నేను ఊరుకోకుండా చట్టం తీశాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్లు మార్చకూడదు. 2019 సవరణలో, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికీ అయిదువేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. ఇక వారంటీకి పేచీ వస్తే అది వేరే గొడవ.

"బండి నాది, అప్పు నాది" అంది అమ్మాయి మొహం ముడుచుకుని.

"నీదే. అందుకే నిన్నడుగుతున్నాను" అన్నారు బావగారు. "తియ్యమంటే తీస్తాను. ఉంచమంటే, నోటికి గొట్టం పెట్టి గాలిని మళ్ళీ లోపలికే మళ్ళిస్తాను. పొగ రాదు."

"చప్పుడు?"

"చెవి ఆనించి వింటే వినిపిస్తుంది."

అమ్మాయి నవ్వేసింది. కాసేపాగి, "తీసేద్దాం మావయ్యా. వచ్చే ఆదివారం" అంది.

"అరగంట పని. ఇప్పుడే తీసేస్తాను."

"వద్దు, వచ్చే ఆదివారమే."

వారమంతా కారు ఇంటి దగ్గరే వదిలి, మెట్రోలో ఆఫీసుకి వెళ్ళొచ్చింది. ఆ జనంలో నిలబడి వచ్చి కాళ్ళు నొప్పులన్నా, శనివారంనాడు కూడా మాట మార్చలేదు. ఎందుకని మేమిద్దరం అడగలేదు.

ఆదివారం ఎనిమిది కాకుండానే బావగారు తయారు. చొక్కా మడతలు నలగకుండా, పెట్టెకి దుమ్ము లేకుండా వచ్చారు. పాత వాల్వు యథాస్థానంలో బిగించి, బండి నడిపి చూసి, "గాలి ఫిల్టరు మార్చాలి. వచ్చేవారం రాణీగంజు వెళదాం" అన్నారు. మా ఆవిడ అలవాటు కొద్దీ క్యారియరు కట్టబోతే, "ఎందుకమ్మా, ఇక్కడే తింటాను. ముందు నా పది నంబరు స్పానరు ఎక్కడ పెట్టారో వెతకండి" అన్నారు.