కాకినాడలో ఒక కార్తిక భోజనము

పంచారామములను ఒకే యాత్రలో సేవింపవలెనని గత కార్తికమున విజయవాడనుండి కారులో బయలుదేరితిమి. మేము, మా పిల్లలిద్దఱు, వదినగారు, దొడ్డమ్మగారు, కారు నడుపు కుఱ్ఱవాడు, వెరసి ఆరుగురము. అమరావతి, భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము చూచుకొని, శనివారము ప్రొద్దుగూకు వేళకు సామర్లకోట చేరి కుమారారామమున భీమేశ్వరుని దర్శించితిమి. అక్కడికి మ్రొక్కు తీఱినది. తిరుగుప్రయాణము ఆదివారము రాత్రికి గాని లేదు. కాకినాడ దగ్గఱనే గదా యని పోయి అక్కడ బస చేసితిమి.

కార్తిక మాసపు ఆదివారమనిన ఆ సీమలో వనభోజనముల దినము. ఉసిరిచెట్టున్న తోట యెక్కడున్నను దాని క్రింద పొయ్యి వెలుగును. మేము వచ్చిన సంగతి తెలిసి మాకును మూడు పిలుపులు వచ్చినవి. పూట ఒక్కటే, విస్తళ్లు మూడు. దేనికి పోవలెను?

ఇట్టి చిక్కే వేసవిలో అమెరికానుండి మా మేనకోడలు వ్రాసినప్పుడు నవ్వుకొంటిమి. ఆమె ఓడలో హవాయి దీవులకు విహారయాత్ర పోయినది. ఓడ రేవున నిలుచునది ఒక్క సాయంకాలము. ఆ దీవులవారి విందును లూఆవ్ అందురు. ఆ మాటకు మొదటి యర్థము చేమ ఆకు. మన పెరటి చేమయే అక్కడివారికి అన్నమువంటిది; దుంపను ఉడికించి దంచి ముద్ద చేసికొందురు. గోతిలో కాల్చిన రాళ్లు పఱచి, ఆకులు కప్పి మాంసము మగ్గింతురు. ఇప్పుడు యాత్రికులకు టిక్కెట్లు పెట్టి, నాట్యములతో ఆ విందు జరుపువారు పెక్కండ్రు. ప్రతివారును తమదే అసలైనదని చెప్పుదురట. “అసలైనదేదో తెలిసికొనుటెట్లు అత్తా?” యని పిల్ల వ్రాసినది. మేమేమి చెప్పగలము! “నీకు నచ్చిన దానికి పొమ్ము” అని బదులు వ్రాసితిమి. ఇప్పుడా ప్రశ్న మా గుమ్మమునకే వచ్చినది.

మొదటి పిలుపు మా బంధువొకరిది. మా కులమువారందఱు కూడి పెద్ద మామిడితోపులో జరుపు సమారాధన అది. వేలమంది వత్తురు, పెద్దలు ఉపన్యసింతురు, చదువుకొను బీదపిల్లలకు సాయము ప్రకటింతురు. పెండ్లి సంబంధములును అక్కడ కలియును. వదినగారి కుమారునకు మూడేండ్లనుండి సంబంధములు చూచుచున్నారు. కావున ఆమె మనస్సు అటే మొగ్గినది. రెండవది సముద్రపుటొడ్డున ఒక హోటలువారి విందు. మనిషికింత యని రుసుము. కోలాటము, పాటలు, నలువది రకముల పదార్థములు. పిల్లలు దానికే పట్టుపట్టిరి. మూడవది మాతో చదువుకొన్న స్నేహితురాలిది. ఆ వీథి ఆడవారు తలా కొంత వేసికొని, కోరంగి దారిలో ఒక కొబ్బరితోటలో తామే వండుకొందురట. “రండి, కాని ఊరక రాకూడదు. కంద తఱుగువారు కావలెను” అన్నది.

రాత్రి చాల సేపు తర్కించితిమి. దొడ్డమ్మగారు జపమాల ప్రక్కన పెట్టి, “మన కుఱ్ఱవాడు ఎక్కడ కూర్చుండును?” అని మాత్రము అడిగిరి. రెండు దినములు మమ్ము కంటికి ఱెప్పవలె త్రిప్పిన పిల్లవాడు. వెంటనే బంధువునకు ఫోను చేసితిమి. “దానికేమి, బయట పొట్లము కట్టించి యిచ్చెదము” అని ఆయన మర్యాదగానే చెప్పెను. హోటలువారిని అడిగితిమి. రుసుము చెల్లించినచో ఎవరైనను రావచ్చును. కోలాటమాడు పిల్లలు మాత్రము అతిథులు వెళ్లిన తరువాత భుజింతురట. స్నేహితురాలిని అడుగగా ఆమె నవ్వి, “కూర్చుండుట తరువాతి మాట. అతనికి కొబ్బరికాయలు ఒలుచుట వచ్చునా?” అన్నది. మా నిర్ణయము అప్పుడే జరిగిపోయినది. వదినగారు మాత్రము మాటలాడక దుప్పటి కప్పుకొనిరి.

ఉదయము మొదట కోరంగి మడ అడవికి పోతిమి. 1978లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము ఇంచుమించు 235 చదరపు కిలోమీటర్లు. చెక్కల బాట మీద నడచుచుండగా క్రింద బురదలోనుండి మడచెట్ల ఊపిరి వేళ్లు శూలములవలె నిలిచియుండెను. కొన్ని జాతుల విత్తులు చెట్టుననే మొలకెత్తి, పిదప నేలకు జాఱునని పిల్లలకు చూపితిమి. ఒకప్పుడు కోరంగి గొప్ప ఓడరేవు. 1839వ సంవత్సరపు ఉప్పెన దానిని పాడుచేసినది. అయినను ఆ పేరు సముద్రము దాటినది: బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనియే పిలిచెడివారు.

అభయారణ్యములో నిప్పు రాజేయరాదు గనుక వంట తోటలోనే. మేము చేరునప్పటికి ఉసిరికొమ్మకు పూజ జరుగుచుండెను. దొడ్డమ్మగారు వాడుక చొప్పున దూరముగా పోయి కందదుంపల యొద్ద కూర్చుండిరి. పెదనాన్నగారు పోయి ఇరువది రెండేండ్లు. నాటినుండి మా యింట ఏ శుభకార్యమైనను వంట ఆమెదే, తుదివిస్తరియు ఆమెదే. ఇది అన్యాయమని మాలో ఎవ్వరికిని తోచలేదు. ఆమెకు అట్లే ఇష్టమని చెప్పుకొని ఊరకుంటిమి.

కందబచ్చలికూర, గుమ్మడికాయ దప్పళము, పులిహోర, చక్కెరపొంగలి సిద్ధమైనవి. ఆదివారము ఉసిరిక తినరాదు గనుక ఆ పచ్చడి మానిరి. అన్నము కొంచెము మాడినది. ప్రొద్దు రెండు గంటలు దాటినది. పిల్లలు ఆకలికి గునియుచుండిరి. వండినవారు ముందు తినవలెననునది ఆ వీథివారి కట్టుబాటట. మగవారు నడుములకు కండువాలు బిగించి వడ్డనకు నిలిచిరి. స్నేహితురాలు వచ్చి దొడ్డమ్మగారి చేయి పట్టుకొని, “కంద తఱిగినది మీరు గదా! మొదటి ఆకు మీది” అన్నది. ఆమె వలదన్నారు. పంక్తి అంతయు ఆమెకై ఆగియున్నది. తుదకు కూర్చుండిరి. మా కుఱ్ఱవాడు ఆమె విస్తరిలో దప్పళము వడ్డించెను. రెండవ పంక్తిలో అతడు కూర్చుండగా వదినగారే లేచి వడ్డించిరి.

ఆ క్షణమున మేనకోడలి ఉత్తరములోని మఱియొక ముక్క జ్ఞాపకము వచ్చినది. హవాయిలో పూర్వము స్త్రీలు పురుషులతో కూడి భుజింపరాదు. అరటిపండు, కొబ్బరికాయ కూడ వారికి నిషిద్ధము. 1819లో యువరాజు రెండవ కమెహమెహా పట్టమెక్కిన పిదప, రాణుల ప్రోద్బలముచే అందఱి యెదుట స్త్రీల పంక్తిలో కూర్చుండి భుజించెను. ఆ ఒక్క భోజనముతో ఆ కట్టు తెగినది. మన గోదావరి తీరమున 1881 డిసెంబరులో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, అక్కడ భుజించినవారిని వెలిభయము వెంటాడినది. ఆ మహాకార్యమునకు ధనమిచ్చి నిలిచినవారు ఈ కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారే. ఏ దేశముననైనను పాత కట్టుబాట్లు బిగించియుండునదియు పంక్తిలోనే, సడలునదియు పంక్తిలోనే గాబోలు.

మా యెంపికకు వెల చెల్లింపకపోలేదు. మఱునాడు మా బంధువు ఫోనులో, “పరాయివారి తోట మీకు తీపియైనదా?” అని చిన్నబుచ్చుకొనెను. ఆయన మాటలో తప్పు లేదు; ఆప్యాయముతో పిలిచినవాడు. మంచి సంబంధ మొకటి ఆ తోపుకు వచ్చి వెళ్లినదని కూడ తెలిసినది. వదినగారు విని, “రాసియున్నచో అదే వచ్చును” అనిరి గాని, మొగము వాడినది.

తిరుగుదారిలో దొడ్డమ్మగారు చాల సేపు మాటలాడలేదు. తుని దాటినట్లు ఎవరో కలవరింపగా, “తుని కాదే, అది అటువైపు” అని పిల్లలను దిద్దిరి. పిమ్మట, “ఆ దప్పళములో ఉప్పొక రవ్వ తక్కువ” అనిరి. మేమందఱము నవ్వితిమి. ఇరువది రెండేండ్లలో ఆమె ఒక వంటకు వంక పెట్టగా మేము వినుట అదియే మొదలు. తాను వండినదానికి తానెట్లు వంక పెట్టుకొనును?

సోదరీమణులారా, మీకును ఒకే పూటకు మూడు పిలుపులు వచ్చినయెడల, పదార్థములెన్ని యని అడుగకుడు. వండినవారెప్పుడు తిందురు, వెంట వచ్చినవారెక్కడ కూర్చుందురు అని అడుగుడు. మేనకోడలికి ఈ మాటయే వ్రాసితిమి. మా యింటి పంక్తి సంగతి కూడ ఆ ఉత్తరములోనే ఒప్పుకొంటిమి.