పట్టిసీమలో చిలకపచ్చ పడవ

2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ చూసిన దగ్గర్నుంచీ కెమెరా పుచ్చుకుని ఆ నది మీద తిరగాలని మోజు. 2024 శివరాత్రికి వారం ముందు అది తీరింది. రాజమండ్రిలో వంతెన దాటి, కొవ్వూరు మీదుగా గట్టు వెంట వెళితే పట్టిసీమ. రేవులో పడవెక్కితే నది నడుమ కొండ మీద వీరభద్రస్వామి గుడి. చుట్టూ నీళ్లు, ఇసుక తిన్నెలు... సినిమావాళ్లకి గోదావరంటే ఎందుకంత ఇష్టమో వేరే చెప్పాలా!

మా పడవ నడిపిన పెద్దాయన పండక్కని కొత్తగా రంగు వేయించాడు. చిలకపచ్చ! “చీటీ డబ్బులన్నీ దీనికే పోశానండి. ఒక ఫొటో ఇప్పించండి బాబూ, గోడకి తగిలించుకుంటాను” అన్నాడు.

రాజమండ్రి స్టూడియోలో ప్రింటు వేయించి మర్నాడే పట్టుకెళ్లాను. ఆయన కాసేపు చూసి, “మా పాత పడవలా ఉందండి, ఆయ్” అన్నాడు. నిజమే. చిలకపచ్చ కాస్తా వాడిన ఆకు రంగయింది!

మళ్లీ స్టూడియోకి పరుగు. అక్కడి కుర్రాడు ఫైలు చూసి నవ్వాడు. “కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ పెట్టారు సార్. మా మిషను ఎస్‌ఆర్‌జీబీ అనుకుంది.” పేరు గొప్పగా ఉందని పెట్టింది నేనే!

అసలు సంగతేమిటంటే, డిజిటల్ ఫొటోలో ఉండేవి రంగులు కావు, అంకెలు. ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో 0 నుంచి 255 దాకా లెక్క. మరి 255 అంటే ఎంత పచ్చ? అది చెప్పేదే కలర్ ప్రొఫైల్. 1996 నాటి ఎస్‌ఆర్‌జీబీ చిన్న కుంచం. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ, ముఖ్యంగా పచ్చల్లో, పెద్ద కుంచం. పెద్దదాంతో కొలిచిన లెక్కకి చిన్నదాంతో పోస్తే గింజలు తగ్గవూ? థియేటర్ ప్రొజెక్టరుది పీ3 అని ఇంకో కుంచం. అందుకే సినిమాకి రంగులు దిద్దేవాళ్లు థియేటర్‌కి ఒక కాపీ, టీవీకి మరొకటి తయారుచేస్తారు.

కుర్రాడు ఫైలుని ఎస్‌ఆర్‌జీబీలోకి ‘కన్వర్ట్’ చేశాడు. ‘అసైన్’ నొక్కితే కుంచం పేరొక్కటే మారుతుంది. కన్వర్ట్ అయితే రంగు నిలిచేలా అంకెలు మారతాయి. చిన్న కుంచంలో పట్టని పచ్చ మాత్రం కాస్త పోతుంది. ఫోనుకీ స్టూడియోకీ పంపే ఫొటోలకి మీరూ ఎస్‌ఆర్‌జీబీయే పెట్టుకోండి. ‘రా’లో తీస్తే ఆ నిర్ణయం తర్వాతైనా చేసుకోవచ్చు.

రెండో ప్రింటుతో మళ్లీ రేవుకి వెళ్లాను. పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఫొటోని పడవ పక్కన పెట్టి చూశాడు.

“పచ్చ కొంచెం తక్కువేనండి... అయినా మా పడవేనండి!”